కబురు అందే దూరం

ఈ జూన్‌లో ఒక ఉదయం పని మీద పోతూ సముద్రం ఒడ్డున కారు ఆపుకున్నాను. పడమటి గాలి వీస్తోంది. నెల్లూరు జిల్లాలో పుట్టినవాడికి ఆ గాలి గురించి చెప్పక్కర్లేదు, పొయ్యి దగ్గర మొహం పెట్టినట్టుంటుంది. రేడియో పెట్టాను. ఎప్పుడూ గరగరమనే చోట ఎవరో ఆడమనిషి శుభ్రంగా పాడుతోంది. తెలుగు కాదు, తమిళమూ కాదు. సింహళం అయ్యుండాలి. ఎక్కడి లంక, ఎక్కడి వాకాడు! గొంతు మాత్రం పక్కింట్లోంచి వస్తున్నంత దగ్గరగా ఉంది. గబుక్కున రేడియో కట్టేశాను.

నాకు తెలియని సంగతేమీ కాదు అది. వాకాడులో కేబుల్ టీవీతో మొదలుపెట్టి, ఇప్పుడు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చుకొని బతుకుతున్నవాణ్ణి. నేల మీద కాగిన గాలి పోయి చల్లటి సముద్రం మీద దుప్పటిలా పరుచుకుంటుంది. రేడియో తరంగాలు దాని కింద ఇరుక్కొని, పైకి పోలేక, నీళ్ళ వెంబడే చాలా దూరం జారిపోతాయి. మామూలుగా అందని చోట్లకు కూడా అందుతాయి. ఇందులో దయ్యమూ లేదు, మాయా లేదు. అయినా ఆ గాలి వీచిన రోజు నాకు అన్నం సయించదు. ఆ రోజంతా అన్నే కళ్ళ ముందు తిరుగుతాడు.

అన్న నా తోడబుట్టినవాడు కాదు. మా మండలంలో సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఒక పల్లెలో బోటు ఉన్న మనిషి. పేరు రాయడం వదినకు, అంటే ఆయన భార్యకు, ఇష్టం లేదు. కాబట్టి నేనూ అన్న అనే రాస్తాను. పొట్టి మనిషి, ఎప్పుడూ మడిచి కట్టిన గళ్ళ లుంగీ, ఎడమ చెవి మీద ఆర్పిన బీడీ. నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవి. ఆ మూసిన కళ్ళతోనే ఎదుటివాడి భుజం మీద ఒక్కటి చరిచేవాడు. రెండు రోజులు నొప్పి పెట్టేది.

అన్నకు ఒక జబ్బు ఉండేది. ఇచ్చిన మాట తప్పేవాడు కాదు. అది జబ్బెలా అవుతుందని అడుగుతారేమో. అన్న మాటను మాట మేరకే నిలబెట్టుకొనేవాడు. ఒక్క వెంట్రుకవాసి తగ్గడు, ఒక్క వెంట్రుకవాసి మించడు. వైన్‌షాపు గడప తొక్కనని వదిన ఆయన చేత ఒట్టు వేయించుకుంది. మర్నాటి నుంచి అన్న రోడ్డు మీదే మోటారుసైకిలు ఆపుకొని, లోపలివాణ్ణి కేకేసి, బండి మీద కూర్చొనే తాగేవాడు. వదిన నిలదీస్తే చేతులు రెండూ బార్లా చాపి, "గడప తొక్కినానా? చూసినోళ్ళని అడుగు, తొక్కినానా?" అని దారినపోయే ప్రతివాణ్ణీ సాక్ష్యం పిలిచేవాడు.

ఆ పల్లెలో పెద్దలు కూర్చొని కట్టుబాటు పెడితే దాన్ని దురాయి అంటారు. దాటితే ఊరంతా ఒకటవుతుంది. ఒక ఏడాది అమ్మవారి కొలుపు ముగిసేదాకా రేవులోంచి ఎవరూ బోటు దించకూడదని దురాయి వేశారు. కొలుపు నాడు చూస్తే అన్న బోటు అలల అవతల ఆడుతోంది. పెద్దలు పిలిపించారు. "దించగూడదన్నారు. నేను నిన్ననే దించి లంగరేసినా. ఈ పొద్దు ఈదుకుంటా పోయి ఎక్కినా. ఈదగూడదని మీరు జెప్పలా," అన్నాడు. అప్పట్నుంచి ఆ పల్లెలో దురాయి వేసేటప్పుడు, "దించగూడదు, ఎక్కగూడదు, ఈదిపోయి పట్టుకోగూడదు" అని పొడుగ్గా చెప్పడం మొదలైందని నాకు ఒక పెద్దాయన విసుక్కుంటూ చెప్పాడు.

తెలివిగా తప్పించుకొనే మనిషి అనుకుంటారేమో, కాదు. తనకు నష్టం వచ్చే మాటనూ అంతే నిలబెట్టేవాడు. పక్కింటి ముసలాయన పోతూ పోతూ తన కుక్కను చూసుకొమ్మన్నాడట. ఆ కుక్క ఒట్టి పిచ్చిముండ. అన్నను కరిచింది, వదినను కరిచింది, ఒకసారి నన్నూ కరిచింది. "వదిలించుకోరాదా అన్నా" అని నేను పిక్క పట్టుకొని ఏడిస్తే, "చూసుకుంటానని చెప్పినా గదా తమ్ముడా. కరవగూడదని దానితో నేనేం ఒప్పందం చేసుకోలా" అన్నాడు. అది చచ్చేదాకా దానికి చేప తలకాయలు వండిపెట్టాడు.

ఇలాంటి మనిషి ఒక మధ్యాహ్నం నా షాపుకు వచ్చి, చెప్పులు బయట విడిచి, స్టూలు మీద కూర్చొని, "నెట్టు ఇచ్చేది నువ్వేనా? బోటు మీదికి ఇస్తావా?" అన్నాడు. అదే మొదటిసారి చూడటం. నాకు నవ్వొచ్చింది. "బోటు యాడ కట్టేస్తావో చెప్పన్నా, వైరు లాగుతా" అన్నాను. ఆయన నవ్వలేదు. సంగతి చెప్పాడు.

ఆ ముందు నెలలో నడిసముద్రంలో ఇంజను ఆగిపోయిందట. బోటు దక్షిణానికి కొట్టుకుపోయి, చివరికి ఎవరో తమిళవాళ్ళు చూసి తాడు వేసి లాగారట. ఈలోపు ఇంటికి ఏ కబురూ లేదు. తిరిగొచ్చిన మనిషిని చూసి వదిన ఏడవలేదు, తిట్టలేదు. ఇసుక మీదికి లాగిన బోటు ఎక్కి కూర్చుంది. దిగనంది. రాత్రి గడిచింది, తెల్లారింది, దిగలేదు. చివరికి అన్న మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, దోసిట్లోకి ఉప్పునీళ్ళు తీసుకొని ఒట్టు వేశాడు. నీకు కబురు అందని చోటికి పోను, ఎప్పుడు కబురు తెగితే అప్పుడే బోటు తిప్పుతాను అని. అప్పుడు దిగింది.

"ఒట్టేసినాక తెలిసింది తమ్ముడా, ఫోను సిగ్నలు ఇట్టా ఒడ్డు దాటంగానే పోతా ఉండాది. ఆడ చేపేముంది? పెద్ద బోట్లోళ్ళు ఊడ్చుకోని పొయినారు. చేప ఉండేది లోపల. మాట తప్పలేను, ఇంట్లో కూర్చోలేను. కబురు ఎంత దూరం పోతే అంత దూరం పోతా. దాన్ని కొంచెం పొడిగించు."

ఒట్టును సడలించమని ఆయన పెళ్ళాన్ని అడగొచ్చు. ఆ ఆలోచనే ఆయనకు రాలేదు. ఒట్టు అట్లాగే ఉండాలి, సముద్రమే కాస్త జరగాలి. ఆ రోజు నాకది భలే ముచ్చటగా అనిపించింది.

ఆ తీరంలో ఎత్తయిన కట్టడం తుఫాను షెల్టరు ఒక్కటే. పెద్దల్ని ఒప్పించి దాని మిద్దె మీద ఇనప పైపు నిలబెట్టి, నాలుగు వైపులా తీగలు లాగి కట్టి, తూర్పుకు చూసేలా పలక యాంటెనా బిగించాను. బోటు ఒక చోట నిలవదు, అలకు తిరుగుతుంటుంది. అందుకని దాని మీద అన్ని దిక్కులూ అందుకొనే కర్ర యాంటెనా. కరెంటు ఇంజను బ్యాటరీ నుంచి. నెట్టు అందుకొనే పెట్టెను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత చుట్టూ గమ్ము పూశాను. ఉప్పుగాలికి ఇనుము బెల్లంలా కరిగిపోయే చోటది. షెల్టరు పైగదిలో ఇంకో పెట్టె. బోటు అందినంతసేపూ దాని మీద పచ్చ దీపం వెలుగుతుంది. వదిన చేపల బుట్ట పక్కన పెట్టుకొని ఆ దీపం ముందే కూర్చునేది.

మొదటిసారి పరీక్షించడానికి నేనూ బోటెక్కాను. ఎక్కిన కాసేపటికే కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాను. అన్న నన్ను పట్టించుకోకుండా ఫోను చేతిలో పట్టుకొని వదినతో వీడియోలో మాట్లాడుతూనే ఉన్నాడు. షెల్టరు చుక్కంతై, తర్వాత చుక్క కూడా పోయింది. ఇంకాస్త దూరం పోయాక బొమ్మ ఆగి ఆగి కదిలి, మొత్తంగా నిలిచిపోయింది. ఆ క్షణంలోనే అన్న చుక్కాని తిప్పేశాడు. ఎదురుగా నీళ్ళు మరుగుతున్నట్టు చేపల గుంపు లేస్తోంది. బోటు మీదున్న అన్న తమ్ముడూ, మిగిలిన ఇద్దరూ గగ్గోలు పెట్టారు. "రాళ్ళేసే దూరంలో ఉండాయి అన్నా, ఒక్క వల వేద్దాం!" అన్న వెనక్కి కూడా చూడలేదు. నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. ఎందుకో కొంచెం భయం కూడా వేసింది.

తర్వాత ప్రతి నెలా ఒకే పోరు. "ఇంకో పైపు వెయ్యి తమ్ముడా." ఎత్తు పెరిగేలా పాతదాని మీద ఒకటి వేశాను. ఇంకొంచెం దూరం పోయాడు. మళ్ళీ వచ్చాడు. ఇంకొకటి వేశాను. ఆ పైన వేయనని దండం పెట్టేశాను. గాలికి ఆ పైపు చేసే మోత షెల్టరు మెట్ల మీదికి కూడా వినపడేది, ఎవరో పళ్ళు బిగబట్టి మూలుగుతున్నట్టు. పల్లె పిల్లలు దాని కింద ఆడుకోవడం మానేశారు.

వదిన మాత్రం తేరుకుంది. కోడి పొదిగిన సంగతి, కూరలో ఉప్పెక్కువైన సంగతి, అన్నీ ఫోన్లో చెప్పేది. ఆయన నవ్వితే కళ్ళు మూసుకుపోవడం ఫోన్లో చూసి తనూ నవ్వేది. ఒకసారి నాతో, "పెళ్ళయినాక ఈయన ఇన్ని మాటలు నాతో ఎప్పుడూ మాట్లాళ్ళా అబ్బయా" అంది. ఆ మాటకు నేను మురిసిపోయాను.

ఆ ఏడాది వేట నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ దిగిన వారంలోనే, తుప్పు పట్టిన తీగ మార్చడానికి షెల్టరుకు పోయాను. ఒళ్ళు కాలిపోయే పడమటి గాలి. మధ్యాహ్నం దాటింది. పచ్చ దీపం కన్నార్పకుండా వెలుగుతోంది. దగ్గరే ఉన్నాడు, వచ్చేస్తున్నాడు అనుకున్నాను. వదిన మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఫోను, ఫోన్లో అన్న. బొమ్మ అంత నిగనిగలాడుతూ నేనెప్పుడూ చూడలేదు.

"నెట్టు తమ్ముడా! నీ పైపులకి దండం. పొద్దున్నించీ పోతానే ఉండాం, తెగలా!" అని అరిచాడు. ఫోను తిప్పి చుట్టూ చూపించాడు. నీళ్ళు నీలంగా కాదు, నల్లగా ఉన్నాయి. ఏ దిక్కునా ఒడ్డు లేదు, వేరే బోటు లేదు, పక్షి లేదు. ఇంత లోపలికి ఎప్పుడూ రాలేదని ఆయన తమ్ముడు వెనక నుంచి అంటున్నాడు. బోటు నిండా చేప.

"అన్నా, అది నా పైపుల గొప్ప కాదు. ఈ వేడిగాలికి అట్టా జారి వస్తా ఉంది. గాలి మారిందా, పుటుక్కున పోతుంది. దాన్ని నమ్మొద్దు" అన్నాను.

"పోయినప్పుడు తిప్పుతా. నేనిచ్చిన మాట అదే గదా?"

వదిన నా మోచెయ్యి పట్టుకొని పడమటికి తిప్పింది. దూరంగా, కొండల వైపు, మబ్బు కుప్పలా లేస్తోంది. ఆ కాలంలో సాయంత్రాలు అటు నుంచే వస్తుంది గాలివాన. ఒడ్డు దగ్గర ఉంటే ఫర్వాలేదు. అంత లోపల ఉన్నవాణ్ణి ఇంకా లోపలికి తోసేస్తుంది. నేను ఫోను అందుకొని, "అన్నా, వచ్చె..." అన్నాను. అంతే. వదిన అరచెయ్యి నా నోటి మీద పడింది. చేపల వాసన, ఉప్పు. ఫోను లాక్కొని చీర కొంగులో చుట్టేసింది.

"ఆ మాట అనగూడదు," అంది. "నీళ్ళ మీద ఉండే మనిషిని ఆ మాట అనగూడదు అబ్బయా. మా పల్లెలో ఏ ఆడదీ అనదు. మా అమ్మ అనలా, మా అత్త అనలా."

అప్పుడు తెలిసింది నాకు. ఇన్ని నెలలుగా కోడి గురించీ కూర గురించీ గంటలు గంటలు చెప్పిన మనిషి, ఒక్కసారి కూడా ఆయన్ని రమ్మనలేదు. ఎందుకు అనకూడదో నేనడగలేదు. అడిగే సమయం కాదు అది. చాదస్తమని కోపం మాత్రం వచ్చింది.

"మరి ఎట్టా వదినా? మబ్బుందని చెప్పినా, కబురు తెగిందాకా ఆయనగా తిప్పడు గదా!"

ఆమె పచ్చ దీపం మీద వేలు పెట్టింది. "ఇది ఆర్పెయ్" అంది. "కబురు తెగితే తిప్పుతాడు. ఎవురు చెప్పినా ఆగడు."

నిజమే. ఈ లోకంలో ఆ బోటును వెనక్కి తిప్పగలిగింది అదొక్కటే. అయినా నేను స్విచ్చు ముట్టుకోలేదు. "ఆపితే మనకు ఆయన సంగతే తెలీదు వదినా. మళ్ళీ పెడితే అందుతుందో అందదో నేను చెప్పలేను."

"నాకు కబురొద్దు. మనిషి గావాల."

స్విచ్చు ఆపాను. దీపం ఆరిపోయింది. కొంగులో ఉన్న ఫోన్లో అన్న గొంతు సగం మాట మీద తెగిపోయింది.

అవతల ఏం జరిగిందో తర్వాత ఆయన తమ్ముడు చెప్పాడు. ఫోను నిలిచిపోగానే అన్న దాన్ని రెండుసార్లు తట్టి చూసి, లుంగీలో దోపుకొని, లేచాడట. "ఇంకో వల నీళ్ళలో ఉంది గదా, లాగినాక పోదాం, ఈలోపల మళ్ళీ వస్తాదేమో" అని మిగిలినవాళ్ళు బతిమాలారట. కత్తి తీసి వల తాడు కోసేశాడట. అంత ఖరీదైన వలను వదిలేసి బోటును పడమటికి తిప్పాడట. ముగ్గురూ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టారట. ఆయన పాట పాడుకుంటూ నడిపాడట.

ఇక్కడ మేమిద్దరం మిద్దె మీదే ఉన్నాం. మబ్బు మేమనుకున్నదానికంటే తొందరగా లేచింది. సూర్యుణ్ణి మింగి, పల్లె మీదికి వచ్చింది. చల్లగాలి ఒక్క ఊపు ఊపింది. పైపు తీగలు కీచుమన్నాయి. ఇళ్ళ మీది రేకులు దడదడలాడాయి. ఆ నల్లటిదంతా మా తలల మీదుగా దాటి సముద్రం మీదికి పోతుంటే, అప్పుడు వెలిగింది మా ఇద్దరికీ. ఆయన ఇప్పుడు దానికి ఎదురుగా వస్తున్నాడు. మేమే తిప్పాం.

"పెట్టు!" అని అరిచింది వదిన. "పెట్టు అబ్బయా, పెట్టు, మబ్బొస్తా ఉందని చెబుదాం, పెట్టు!"

పెట్టాను. పెట్టె మీద మిగతా దీపాలన్నీ వెలిగాయి. పచ్చది వెలగలేదు. వేడిగాలి దుప్పటి ఎప్పుడో చిరిగిపోయింది. బోటు ఇంకా మామూలుగా అందే దూరంలోకి రాలేదు. వదిన ఆ పెట్టెను రెండు చేతులతో పట్టుకొని, దాని మీద నుదురు ఆనించి కూర్చుంది.

గాలివానలో బోటు బోల్తా పడింది. నలుగురూ దాని అడుగు పట్టుకొని వేలాడారట. మర్నాడు పొద్దున్నే చుట్టుపక్కల పల్లెల బోట్లన్నీ వెతకడానికి పోయాయి. బోల్తాపడిన బోటు కనపడింది. దాని మీద ముగ్గురే ఉన్నారు. చీకట్లో అన్న ఎప్పుడు చెయ్యి వదిలాడో ఆ ముగ్గురికీ తెలియదు. తిప్పకుండా అక్కడే ఉండి ఉంటే వెతికేవాళ్ళకు ఎవరూ దొరికేవాళ్ళు కాదని పెద్దలు అన్నారు. ఆ మాట వాళ్ళు వదినకు చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. ముగ్గురి భార్యలూ వచ్చి ఆమె కాళ్ళ మీద పడ్డారు. ఆమె వాళ్ళను లేపనూ లేదు, పొమ్మననూ లేదు.

ఆ తర్వాత రెండు రోజులు వెతికారు. మూడోనాడు గాలి తిరిగి సముద్రం మీంచి ఒడ్డుకు వీచింది. మధ్యాహ్నం ఊరి ఆడవాళ్ళు, ముసలమ్మలు ముందు నడవగా, వదిన ఇంటికి వచ్చారు. ఆమె లేచి వాళ్ళ వెంట నడిచింది. ఎక్కడికని నేను అన్న తమ్ముణ్ణి అడిగాను. "పిలవడానికి" అన్నాడు అతను, నేల చూస్తూ. నీళ్ళలో పోయినవాళ్ళను ఇంటి ఆడమనిషి ఒడ్డున నిలబడి పిలవాలట. పిలిస్తే ఒడ్డుకు వస్తారట. ఆ పల్లెలో రమ్మనే మాటను సముద్రం వైపు తిరిగి అనేది అందుకు ఒక్కందుకే.

మగవాళ్ళం దూరంగా ఇసుక మీద నిలబడ్డాం. వదిన మోకాళ్ళ లోతుకు దిగింది. అల వచ్చి కొడుతున్నా అక్కడే నిలబడింది. ముసలావిడ ఒకతె వెనక నుంచి ఆమె భుజం తట్టింది.

"రావయ్యా!" అంది వదిన. మళ్ళీ అంది. తర్వాత రెండు చేతులూ చాపి, గుండెలు పగిలేలా అరిచింది. "వచ్చెయ్ రావయ్యా! ఇంక చాలు, రా!"

పొద్దు గుంకేలోపే అన్న వచ్చాడు.